రెండు నిమిషాల దారి

మా ఊళ్లో రాకెట్టును ముందు చూస్తాం, తర్వాత వింటాం. మధ్యలో ఒక గ్లాసు టీ ఊదుకొని తాగొచ్చు. సత్యవేడు నుంచి శ్రీహరికోటకు రోడ్డున పోవాలంటే తడ మీదుగా సూళ్లూరుపేట చేరి, పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు పట్టుకోవాలి. సూటిగా కొలిస్తే మాత్రం ప్రయోగ వేదిక మాకు ఈశాన్యాన 43 కిలోమీటర్లే. వెలుతురుకు అది రెప్పపాటు కూడా కాదు. చప్పుడు సెకనుకు 345 మీటర్ల లెక్కన నడిచొస్తుంది. రెండు నిమిషాలు, పైన నాలుగైదు సెకన్లు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ అది పులికాట్ నీళ్ల మీద, ఆరంబాకం ఇళ్ల మీద, శ్రీసిటీ ఫ్యాక్టరీల మీద దారిలో ఉంటుంది. మేం మిద్దె మీద నిలబడి దానికోసం ఎదురుచూస్తూ ఉంటాం. పొగ చార అప్పటికే గాలికి వంకర్లు తిరుగుతుంటుంది.

మా ఇంట్లో ఆ చప్పుడు కోసం అందరికన్నా శ్రద్ధగా కాచుకొని ఉండేది మా తాత. ఆయనకు రెండు చెవులూ వినపడవు.

తాత వడ్రంగి. చెంగల్పట్టు జిల్లాలో పుట్టి, ఇల్లు కదలకుండానే చిత్తూరు జిల్లా మనిషయినాడు. రాష్ట్రాల సరిహద్దు తేల్చిన పటాస్కర్ అవార్డు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు వాళ్లకు పోయి, సత్యవేడు మనకొచ్చింది కదా, అట్లా. (ఆయన 2022 దాకా ఉండుంటే తిరుపతి జిల్లా కూడా చూసేవాడు.) అరవై దాటేసరికి వినికిడి పూర్తిగా పోయింది. ముప్పై నలభై ఏళ్లు సుత్తి, ఉలి పక్కన కూర్చున్న చెవులు మరి. వినపడకపోయినా పని మానలేదు. మాను మంచిదో, లోపల పుచ్చిందో చూడాలంటే వడ్రంగులు వేలి కణుపులతో తట్టి చప్పుడు వింటారు. తాత కుడిచేత్తో తట్టి, ఎడమ అరచేయి మాను మీద అవతలి పక్క ఆనించేవాడు. కళ్లు మూసుకొని కాసేపు అట్లాగే ఉండి, "ఇది వద్దు, లోపల డొల్ల" అనేవాడు. కోసి చూస్తే డొల్లే ఉండేది. ఒకటి రెండుసార్లు తప్పిందిలే. తప్పిన రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

రాకెట్టుకూ అదే పద్ధతి. మా తలవాకిలి తలుపులు రెండు రెక్కల వేపమాను తలుపులు, ఆయన వయసులో ఉన్నప్పుడు చేసినవే. అందులో ఎడమ రెక్కకు బందు కొంచెం వదులు. పేపర్లో టైము చూసుకొని, నేను మిద్దెక్కేవాణ్ని. తాటిచెట్ల పైన నిప్పు కనపడగానే చెయ్యి పైకెత్తాలి. వాకిట్లో నుంచి తాత ఆ చెయ్యి చూసి, ఎడమ రెక్క మీద అరచేయి ఆనించి లెక్క పెట్టుకొనేవాడు. ఆయన లెక్క ఆయనకే వినపడదు కనుక వీధంతా వినపడేట్టు పెట్టేవాడు. నూటపదికి అటూ ఇటూగా, "వచ్చిండాది" అనేవాడు. ఒక్కోసారి నాకింకా ఏమీ వినపడకముందే అనేవాడు. నన్ను ఏడిపించడానికి అంటున్నాడని చిన్నప్పుడు అనుకొనేవాణ్ని. మనిషి చెవి సెకనుకు 20 అదురులకు తక్కువైతే పట్టుకోలేదని, రాకెట్టు మోతలో ఆ కింది భాగం దండిగా ఉంటుందని తర్వాతెప్పుడో చదివాను. నాకు రానిది ఆయనకు వచ్చేదన్నమాట.

హైస్కూల్లో మా సైన్సు సారుకు ఒక అలవాటు. పాఠం త్వరగా అయిపోతే బల్ల మీద కూర్చొని చిక్కు ప్రశ్న ఒకటి వేసేవాడు. ఒకరోజు అడిగాడు: "కారడవిలో చెట్టు కూలింది. చుట్టూ మనిషి లేడు, పిట్ట లేదు, పురుగు లేదు. శబ్దం అయిందా, లేదా?" వెనక బెంచీ వాడొకడు లేచి, "కూలింది చెట్టయితే దాని మీద కాకులుంటాయి కదా సార్" అన్నాడు. సారు నవ్వి, ఈ చెట్టుకు కాకులు లేవు పొమ్మన్నాడు. తర్వాత ఆయనే చెప్పాడు. శబ్దమంటే గాలిలో పుట్టే ఒత్తిడి అలలు అనుకొంటే, అయింది. శబ్దమంటే చెవి, మెదడు కలిసి తయారుచేసే అనుభవం అనుకొంటే, కాలేదు. కాబట్టి ఇది చెట్టు గొడవ కాదు, మాట గొడవ అని తేల్చేశాడు. గాజు జాడీలో గంట పెట్టి గాలి లాగేస్తే సుత్తి కొడుతున్నట్టు కనపడుతుందిగానీ మోత ఆగిపోతుందని బోర్డు మీద బొమ్మ వేశాడు. మా బడిలో జాడీ లేదు, గాలి లాగే పంపూ లేదు. బొమ్మే మాకు ప్రయోగం.

నాకు తృప్తి కలగలేదు. ఇంటికి పోయేటప్పుడు తెలుగు అయివారు దారిలో కలిస్తే ఆయన్నూ అడిగా. ఆయన సైకిల్ దిగి నడిపించుకొంటూ, పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు అనే మన తెలుగాయన 'తర్కసంగ్రహం' అని చిన్న పుస్తకం రాశాడనీ, కాశీలో కూడా పిల్లలు దాంతోనే తర్కం మొదలుపెడతారనీ చెప్పాడు. అందులో శబ్దాన్ని ఆకాశం గుణంగా, చెవితో గ్రహించడానికి తగినదిగా నిర్వచించాడట. "తగినది అన్నాడబ్బా, గ్రహించినది అనలే. పెండ్లీడుకొచ్చిన పిల్ల అంటే పెండ్లయిన పిల్ల అని కాదు గదా!"

సైన్సు సారు రెండు ముక్కలుగా కోసిన ప్రశ్నను ఈయన ఒక్క మాటతో మళ్లీ అతికినట్టనిపించింది. ఎవరూ వినకపోయినా వినడానికి తగినట్టు ఉంటే చాలు. అయివారు అక్కడితో ఆగే మనిషి కాదు. మీమాంసకుల లెక్కలో శబ్దం పుట్టదు, చావదు, ఎప్పుడూ ఉండేదే, మన నోరు దాన్ని బయట పెడుతుందంతే అన్నాడు. నైయాయికులు ఒప్పుకోరు. వాళ్లకు శబ్దం పుడుతుంది, పోతుంది. పుట్టడం మూడు రకాలు. కట్టె పోయి డోలును తాకితే కలయిక వల్ల, వెదురు చీలితే విడిపోవడం వల్ల, ఆ మొదటి శబ్దం నుంచి దాని పక్కది, దాని నుంచి దాని పక్కది, చెరువులో అల వెనక అలలాగా. మన చెవికి చేరేది ఆ వరసలో చివరిది. మొదటిది ఎప్పుడో పోయి ఉంటుంది. "నీకు వినపడేది దాని మనవడో మునిమనవడో" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తాత వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. కత్తి పెట్టి ఒక దెబ్బ కొట్టి, తర్వాత కత్తిని అటూ ఇటూ తిప్పుతూ ఉంటే కణుపు కణుపు దగ్గరా ఫట్ ఫట్ మని విడిపోతోంది. ఒకటి కలయిక, తక్కినవి విడిపోవడం. వింటున్నది నేనొక్కణ్నే. చేస్తున్న మనిషికి వెదురు చీలుతుందని చేతిలోనే తెలుస్తోంది.

2010 డిసెంబర్ 25, శనివారం. క్రిస్మస్ సెలవు. సాయంత్రం 4 గంటల 4 నిమిషాలకు జీఎస్ఎల్‌వీ-ఎఫ్06, జీశాట్-5పీ అనే ఉపగ్రహాన్ని తీసుకొని పోవాలి. ఆకాశం శుభ్రంగా ఉంది. మార్గశిరం చలిగాలి ఈశాన్యం నుంచే వీస్తోంది. అంటే శ్రీహరికోట వైపు నుంచి మా వైపుకే, చప్పుడుకు అంతకంటే మంచి రోజు ఉండదు. తాతకప్పుడు ఎనభై అయిదు. దుప్పటి కప్పుకొని వాకిట్లో స్టూలు మీద కూర్చున్నాడు. నేను మిద్దె మీద. పక్కిళ్ల మిద్దెల మీదా జనం.

తాటిచెట్ల పైకి నిప్పు లేచింది. చెయ్యెత్తాను. కింద లెక్క మొదలయింది. తెల్లటి చార నిటారుగా పోయి, కొంచెం సముద్రం వైపు వంగింది. అంతా ఎప్పటిలాగే ఉంది. తాత లెక్క యాభై దాటిందో లేదో, చార కొసన ఏదో తేడా వచ్చింది. నిప్పు ఒక్కసారిగా ఉబ్బింది. నారింజ రంగు మబ్బులాంటిది పుట్టి, అందులో నుంచి తెల్లటి పాయలు పడిపోతున్నట్టు కిందికి విడిపోయాయి. ముందు ఏమీ అర్థం కాలేదు. ఒక భాగం విడిపోవడం అట్లాగే ఉంటుందేమో అనుకొన్నా. పక్క మిద్దె మీద ఆవిడ "అయ్యో అయ్యో" అంటే అప్పుడు తెలిసింది.

ఇదంతా చడీ చప్పుడూ లేకుండా జరిగింది. వీధిలో కోళ్లు అరుస్తున్నాయి. ఎక్కడో చర్చి మైకులో పాట వస్తోంది. ఆకాశంలో అంత పెద్ద నాశనం అయిపోతే మా చెవికి ఈ కోళ్లూ ఈ పాటా తప్ప ఏమీ లేవు. కింద తాత లెక్క డెబ్బై, ఎనభై, తొంభై. నేను ఆయనకు చెప్పాలి. చెప్పాలంటే కిందికి దిగాలి, చేతులతో సైగ చెయ్యాలి. కాళ్లు కదల్లేదు.

అప్పుడు మోత వచ్చింది. దూరంగా బండరాళ్లు దొర్లుతున్నట్టు, బలంగా, నిండుగా, ఏ లోపమూ లేకుండా వచ్చింది. నేల విడిచి లేస్తున్న రాకెట్టు మోత అది. కళ్ల ముందు పొగ పాయలు సముద్రంలోకి జారిపోయి ఒక నిమిషం పైనే అయింది. చెవుల్లో మాత్రం అది ఇప్పుడే బయల్దేరింది. కింద నుంచి తాత గొంతు, సంతోషంగా:

"వచ్చిండాది రా! బాగా పోతా ఉండాది!"

దాదాపు ఒక నిమిషం ఆ మోత అట్లా సాగింది. ఆ నిమిషం పాటు రాకెట్టు మా తలుపులో, మా తాత అరచేతిలో క్షేమంగానే ఉంది. తర్వాత గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఒక తునక మోత, ఆ వెనక ఏమీ లేదు. తాత తలుపు మీద నుంచి చెయ్యి తీసి, దాన్ని తిప్పి చూసుకొన్నాడు. ఇంకా చాలాసేపు రావలసింది ఆగిపోయిందని ఆయనకు తెలిసింది.

నేను దిగిపోయి రెండు చేతులూ కలిపి విడదీసి చూపించాను. పగిలిపోయింది అని. ఎప్పుడు అని సైగ చేశాడు. వేళ్లతో చెప్పాను: నీ లెక్క అరవై లోపలే. తాత చాలాసేపు ఆలోచించాడు.

"నూటపదికి నాకు చేతికొచ్చింది గదరా. అప్పటికి అది ల్యా?"

లేదన్నాను.

"మరి లేనిదాని చప్పుడు ఎట్లొచ్చె?"

అయివారి మాట గుర్తొచ్చిందిగానీ, మనవడు మునిమనవడు అంతా సైగలతో చెప్పడం నావల్ల కాలేదు. మరునాడు పేపర్లో వచ్చింది. మొదటి నిమిషంలోనే అదుపు తప్పిందనీ, దారి తప్పిన రాకెట్టు జనం మీద పడకుండా నేల మీద నుంచే పేల్చేశారనీ రాశారు. తాత ఆ పేజీ చింపి పెట్టెలో దాచుకొన్నాడు.

1883 ఆగస్టు 27న క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు, 4,800 కిలోమీటర్ల అవతల రోడ్రిగ్స్ దీవిలో నాలుగు గంటల తర్వాత ఫిరంగుల మోతలాగా విన్నారని ఒక పుస్తకంలో చదివి ఉన్నాను. వాళ్లు విన్నప్పటికి అసలు పేలుడు నాలుగు గంటల పాతది. ఆ తర్వాత అల చెవికి అందనంత సన్నబడింది. అయినా ఆగలేదు, ప్రపంచంలో ఎక్కడెక్కడో భారమితుల్లో పాదరసాన్ని కదిలిస్తూ రోజుల తరబడి భూమిని చుట్టింది. పాదరసానికి చెవుల్లేవు. తాత అరచేతిలాంటిదే అదీ.

సారు అడిగిన చెట్టు 2016లో మా చేలోనే కూలింది. డిసెంబర్ 12న వార్దా తుఫాను మద్రాసు దగ్గర తీరం దాటి మా పక్కకొచ్చింది. ఆ సాయంత్రం గాలి హోరుకు ఇంట్లో ఒకరు మాట్లాడింది ఒకరికి వినపడలేదు. తెల్లారి పోయి చూస్తే, బావి గట్టు మీది చింతచెట్టు వేళ్లతో సహా పక్కకు ఒరిగి ఉంది. మూడు తరాల చెట్టు. చెట్టుకు నూరు గజాల్లోపు మోటారు షెడ్డులో మా పాలికాపు రాత్రంతా మేలుకొనే ఉన్నాడు. "చప్పుడే కాలే" అన్నాడు. అయ్యుంటుంది, తుఫాను మింగేసిందంటే ఒప్పుకోలేదు. "నేనుంటిగదా ఆడ, అయితే నాకు ఇనపడదా?" మనిషి లేని అడవి కాదది, చెవులున్న మనిషి పక్కనే ఉన్నాడు. సారు ప్రశ్నలో ఇట్లాంటి పాలికాపుకు చోటు లేదు. చెట్టు పడినచోట మెత్తటి మట్టిలో కొమ్మ గుద్దుకొన్న గుంట మోచేతి లోతున ఉంది. గుంటలో నీళ్లు నిలిచాయి.

మా చుట్టుపక్కల గుట్టల్లో గులకరాళ్లు కలిసిపోయిన పాతకాలం రాతి పొరలుంటాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వాటికి మా ఊరి పేరే పెట్టి సత్యవేడు శిలలంటారు. ఇలాంటి గులకరాళ్లనే కొట్టి చేసిన పనిముట్లు, ఊత్తుకోట దాటి పూండి పక్కన అత్తిరంపాక్కంలో దొరికాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో కనిపెట్టిన చోటు. అక్కడి అడుగు పొరలు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో తేల్చారు. చిన్నప్పుడు మేమూ ఆ రాళ్లు కొట్టి ఆడుకొనేవాళ్లం, టంగుమని మోగి పెచ్చు లేస్తుంది. పెచ్చు లేచినచోట పల్లం పడుతుంది. పదిహేను లక్షల ఏళ్ల నాటి టంగు వినే వాళ్లు మిగల్లేదు, పల్లం మిగిలింది. చింతచెట్టు గుంటను చూస్తూ నిలబడితే ఆ రాళ్లే మనసులో మెదిలాయి. తాత ఉండుంటే చెట్టును తట్టి చూసి, ఏ పలకకు పనికొస్తుందో చెప్పేవాడు. ఆయన అంతకు రెండేళ్ల ముందే పోయాడు.

2023 జూలై 14. చంద్రయాన్-3. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలు. ఊరు ఊరంతా మిద్దెలెక్కింది. ఎండకు తల మాడుతోంది. నిప్పు లేచింది, ఎంత లావు చార! పిల్లలు ఈలలు వేశారు. కింద పడసాలలో టీవీ స్పీకర్లోంచి గర్జన వచ్చేసింది. అది తీగల మీదా ఉపగ్రహాల మీదా చుట్టు తిరిగొచ్చినా అసలు చప్పుడు కన్నా ముందే చేరుతుంది. మేం అసలుదాని కోసం ఆగాం. రెండు నిమిషాలు. మూడు. రాలేదు. జూలైలో మాకు పడమటి గాలి. ఎదురుగాలికి చప్పుడు పైకి ఒంగిపోతుంది, కాగిన నేల కూడా దాన్ని పైకే తోస్తుంది. తడ వాళ్లకు వినపడి ఉండొచ్చు. మా తల మీదుగా, ఎక్కడో పైన, వినే వాడే లేని ఎత్తులో ఆ మోత దాటిపోయి ఉండాలి. నేను దిగిపోయి తలుపు ఎడమ రెక్క మీద చెయ్యి పెట్టి చూశాను. మా పిల్లలకు వింతగా ఉంది. ఏమీ తెలియలేదు. రాకపోయిందా, నా చేతికి పట్టే నేర్పు లేదా, చెప్పలేను. తాత చెయ్యి సుత్తి పట్టిన చెయ్యి, నాది పెన్ను పట్టింది.

ఆ ఆగస్టు 23న విక్రమ్ చంద్రుడి మీద దిగింది. అందులో ఇల్సా అని ఒక పరికరం ఉంది. నేల అదురును పట్టుకొనేది. 25న ప్రజ్ఞాన్ బండి కదులుతుంటే ఆ కదలికను పట్టుకొంది. 26న ఇంకేదో అదురు నమోదైంది, అది సహజంగా వచ్చినట్టుందని ఇస్రో ప్రకటించింది. చంద్రుడి మీద గాలి లేదు. సైన్సు సారు గాజు జాడీ అంటే అదే, ఈసారి బొమ్మ కాదు. అక్కడ ఏది విరిగినా, ఏది దొర్లినా చెవికి తగిన చప్పుడు పుట్టదు. అన్నంభట్టు లెక్కలో అది శబ్దం కాకపోవచ్చు. తాత లెక్కలో మాత్రం "వచ్చిండాది" అనదగ్గదే. ఆ పరికరం నేల మీద అరచేయి ఆనించి కూర్చొని ఉంది. ఆ వార్త చదివి పేపరు దాచిపెట్టాను, తాత పెట్టెలోనే.

2025 జనవరి 29. శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం, మళ్లీ జీఎస్ఎల్‌వీనే, ఎఫ్15. ఉదయం 6 గంటల 23 నిమిషాలు. ఇంకా పొద్దు పొడవలేదు. నేలను పట్టుకొని పొగమంచు ఉంది. చలి కింద, వెచ్చదనం పైన ఉన్న ఇట్లాంటి తెల్లవారుజామున చప్పుడు నేలకు వంగి చాలా దూరం పోతుంది. ఇంట్లో ఎవర్నీ లేపకుండా మిద్దెక్కాను. ఆకాశం ఒక పక్కంతా పచ్చగా వెలిగి ఆరిపోయింది. లెక్క పెట్టుకొన్నాను. నూట ఇరవై దాటాక సన్నటి గురగుర. కుక్కలు నాకంటే ముందే మొరిగాయి.

దిగొచ్చేసరికి అమ్మ కాఫీ కలుపుతోంది. రాకెట్టు పోయింది, విన్నావా అని అడిగాను.

"పోయిందా? ఎప్పుడు? నాకేం ఇనపడలే. వంటింట్లో ప్లేట్లు గలగలమంటే ఆ ఎర్రపిల్లి మళ్లా దూరిందనుకొంటి. చీపురు తీసుకొని పోతే ఆడ ఏమీ ల్యా. పాలగిన్నె మాత్రం ఎత్తి పైన పెడితి."